మెయిల్ సర్వర్ల ఆరోగ్య పర్యవేక్షణ: లోడ్ బ్యాలెన్సర్ పరీక్షల లోతు, పరిమితులు

వ్యాససంగ్రహం:

పెద్ద సంస్థలు ఈ-మెయిల్ సేవను ఒకే సర్వరు మీద నడపవు. కొన్ని సర్వర్లను ఒక సముదాయంగా అమర్చి, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్‌ను నిలుపుతాయి. వచ్చిన ప్రతి అనుసంధానాన్నీ పనిచేస్తున్న సర్వరుకు మాత్రమే అప్పగించడం దాని విధి. ఏ సర్వరు పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి అది నిర్ణీత వ్యవధుల్లో ఆరోగ్య పరీక్షలు జరుపుతుంది. అయితే 'పోర్టు తెరిచి ఉంది' అన్న సమాధానానికీ 'ఉత్తరం చేరుతుంది' అన్న హామీకీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో ఏయే లోపాలు దాగి ఉంటాయో, పరీక్ష ఏ లోతుకు వెళ్తే అవి బయటపడతాయో, లోతైన పరీక్ష వల్ల వచ్చే చిక్కులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆగిపోయిన సర్వరు కంటే, తప్పు సమాధానమిస్తూ నడుస్తున్న సర్వరు ఎక్కువ నష్టం చేస్తుందని, పరీక్షల రూపకల్పనకు ఈ తేడాయే ఆధారం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఈ-మెయిల్, లోడ్ బ్యాలెన్సర్, ఆరోగ్య పరీక్ష, ఎస్ఎంటీపీ, ఐమ్యాప్, పోస్ట్‌ఫిక్స్, హెచ్‌ఏప్రాక్సీ.

1. ఉపోద్ఘాతం:

ఒక విశ్వవిద్యాలయంలో మూడు మెయిల్ సర్వర్లు ఉన్నాయని, పరిశోధన పత్రాల సమర్పణకు ఆ రోజే చివరి తేదీ అని భావించవచ్చు. మూడింటిలో ఒకదానిలో వాడుకరుల చిరునామాల పట్టిక ఏదో పొరపాటు వల్ల ఖాళీ అయింది. ఆ సర్వరు నడుస్తూనే ఉంది, పలకరిస్తే పలుకుతుంది. కానీ ఏ చిరునామా చెప్పినా 'అటువంటి వాడుకరి లేరు' అని ఉత్తరాన్ని తిరస్కరిస్తుంది. పర్యవేక్షణ తెర మీద మాత్రం మూడు సర్వర్లూ పచ్చరంగులోనే కనిపిస్తాయి. సుమారుగా మూడు ఉత్తరాల్లో ఒకటి తిరిగి వెళ్తుంది. తిరిగి వచ్చిన ఉత్తరాన్ని పంపినవారు మళ్లీ పంపితే, అది వేరే సర్వరుకు చేరి నిరాటంకంగా వెళ్లిపోవచ్చు. అందువల్ల ఫిర్యాదు చేసినవారి మాటను నిరూపించడం కూడా కష్టమవుతుంది. మళ్లీ పంపే వ్యవధి లేనివారు మాత్రం నష్టపోతారు.

ఇక్కడ లోడ్ బ్యాలెన్సర్ తన పని మానలేదు. అడిగిన ప్రశ్నకు సర్వరు సరైన సమాధానమే ఇచ్చింది. లోపం అడిగిన ప్రశ్నలో ఉంది.

లోడ్ బ్యాలెన్సర్ లేని ఏర్పాటులో ఈ ఎంపిక బాధ్యత పంపేవారిది. ఒక డొమైన్‌కు ఉత్తరాలు స్వీకరించే సర్వర్ల పేర్లను డీఎన్ఎస్‌లోని ఎంఎక్స్ నమోదులు తెలుపుతాయి. ప్రతి నమోదుకూ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది. తక్కువ సంఖ్య ఉన్న సర్వరును ముందుగా ప్రయత్నించి, అది దొరకకపోతే పంపేవారి సర్వరు తరువాతిదానికి వెళ్తుంది. సర్వర్లన్నింటినీ ఒకే చిరునామా వెనుక ఉంచినప్పుడు పంపేవారికి ఆ వెసులుబాటు పోతుంది. ఎంచుకునే పని లోడ్ బ్యాలెన్సర్ చేతికి వస్తుంది. కాబట్టి ఆరోగ్య పరీక్ష అదనపు సౌకర్యం కాదు, పంపేవారి నుంచి తీసుకున్న ఒక బాధ్యతను నెరవేర్చే సాధనం.

2. బాధ్యత చేతులు మారే క్షణం:

ఉత్తరాలను ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు చేరవేసే ఎస్ఎంటీపీ నియమావళిని జొనాథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 821గా వెలువరించారు. జాన్ క్లెన్సిన్ సంపాదకత్వంలో అది 2001లో ఆర్ఎఫ్‌సీ 2821గా, 2008లో ఆర్ఎఫ్‌సీ 5321గా సవరణ పొందింది. ఈ నియమావళి ప్రకారం రెండు సర్వర్ల మధ్య జరిగేది ఒక సంభాషణ. స్వీకరించే సర్వరు ముందుగా 220 అన్న సంకేతంతో పలకరిస్తుంది. పంపే సర్వరు 'హెలో' లేదా 'ఈహెలో' ఆదేశంతో తన పేరు చెబుతుంది. తరువాత 'మెయిల్ ఫ్రమ్' అంటూ పంపినవారి చిరునామానూ, 'ఆర్‌సీపీటీ టు' అంటూ అందుకోవలసినవారి చిరునామానూ తెలుపుతుంది. 'డేటా' ఆదేశం తరువాత ఉత్తరాన్ని పంపి, ఒంటరి చుక్క ఉన్న పంక్తితో ముగిస్తుంది.

ప్రతి ఆదేశానికీ మూడంకెల సమాధానం వస్తుంది. మొదటి అంకె 2 అయితే అంగీకారం, 4 అయితే తాత్కాలిక వైఫల్యం, 5 అయితే శాశ్వత తిరస్కరణ. 4తో మొదలైన సమాధానం వచ్చినప్పుడు, లేదా అనుసంధానమే కుదరనప్పుడు, పంపే సర్వరు ఉత్తరాన్ని తన వరుసలోనే ఉంచుకొని మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ ప్రయత్నాల మధ్య సాధారణంగా కనీసం 30 నిమిషాల విరామం ఉండాలని, కనీసం 4-5 రోజుల వరకు ప్రయత్నం మానకూడదని ఆర్ఎఫ్‌సీ 5321 సూచిస్తుంది. 5తో మొదలైన సమాధానం వస్తే పంపే సర్వరు అదే ఆదేశంతో మళ్లీ ప్రయత్నించదు, ఉత్తరం చేరలేదని పంపినవారికి తెలియజేస్తుంది.

చివరి చుక్క తరువాత వచ్చే 250 సంకేతం అన్నింటికంటే ముఖ్యమైనది. తపాలా కార్యాలయంలో రిజిస్టర్డ్ ఉత్తరానికి రసీదు చేతికి వచ్చేదాకా ఆ ఉత్తరం పంపినవారిదే. రసీదు ఇచ్చిన తరువాత తపాలా శాఖది. ఆ 250 అటువంటి రసీదు. అది ఇచ్చిన సర్వరు ఉత్తరాన్ని చేర్చాలి, చేర్చలేకపోతే ఆ సంగతి తెలియజేయాలి. సర్వరు తరువాత కుప్పకూలినా, ముందే ఊహించదగిన వనరుల కొరత వచ్చినా, అవి ఉత్తరాన్ని పోగొట్టుకోవడానికి తగిన కారణాలు కావని నియమావళి స్పష్టం చేస్తుంది.

భారతదేశపు సమాచార సాంకేతికత చట్టం, 2000లోని 13వ సెక్షను కూడా ఇటువంటి సరిహద్దునే గుర్తిస్తుంది. అందుకునేవారు ఒక కంప్యూటర్ వనరును నిర్దేశించి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఎలక్ట్రానిక్ పత్రం ఆ వనరులోకి ప్రవేశించిన సమయమే అందిన సమయం. కాబట్టి సర్వరు 'అంగీకరించాను' అనడం సాంకేతిక మర్యాద మాత్రమే కాదు, చివరి తేదీలతో ముడిపడిన వ్యవహారాల్లో అది పర్యవసానాలున్న మాట.

3. పరీక్షల లోతు, ఒక్కో మెట్టు:

3.1 పోర్టు పరీక్ష: లోడ్ బ్యాలెన్సర్ సర్వరు 25వ పోర్టుకు టీసీపీ అనుసంధానం కోరుతుంది. కుదిరితే సర్వరు ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. ఇది నాడి చూడటం వంటిది, ప్రాణం ఉందని మాత్రమే చెబుతుంది. పైగా టీసీపీ అనుసంధానాన్ని పూర్తి చేసేది మెయిల్ ప్రోగ్రామ్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. మెయిల్ ప్రోగ్రామ్ స్తంభించిపోయినా, ఎదురుచూసే వరుస నిండేదాకా అనుసంధానాలు కుదురుతూనే ఉంటాయి.

3.2 పలకరింపు పరీక్ష: 220 సంకేతం వచ్చేదాకా ఆగితే, ప్రోగ్రామ్ స్తంభించిన లోపం బయటపడుతుంది. సర్వరు తాత్కాలికంగా సేవ నిలిపివేస్తే వచ్చే 421 సంకేతమూ ఇక్కడే తెలుస్తుంది.

3.3 'హెలో' పరీక్ష: 2001లో విల్లీ టరో మొదట విడుదల చేసిన హెచ్‌ఏప్రాక్సీలో ఎస్ఎంటీపీకి ప్రత్యేకమైన పరీక్ష ఉంది. మరేమీ నిర్దేశించకపోతే అది 'హెలో లోకల్‌హోస్ట్' అని పంపి, 2తో మొదలయ్యే సమాధానం వస్తేనే సర్వరును ఆరోగ్యవంతంగా భావిస్తుంది. చాలా ఏర్పాట్లలో పరీక్ష ఇక్కడే ఆగిపోతుంది.

'హెలో'కు బదులు 'ఈహెలో' పంపడంలో ఒక ప్రయోజనం ఉంది. దానికి సమాధానంగా సర్వరు తనకు తెలిసిన విస్తరణల జాబితాను కూడా చదువుతుంది. తెలుగు పాఠకులకు నేరుగా సంబంధించిన ఉదాహరణ ఇక్కడ ఉంది. తెలుగు లిపిలో '.భారత్' డొమైన్ అమలులో ఉంది. చిరునామాలో '@' గుర్తుకు ముందున్న భాగం కూడా తెలుగులో ఉంటే, ఆ ఉత్తరం బదిలీకి 2012లో ఆర్ఎఫ్‌సీ 6531 నిర్వచించిన ఎస్ఎంటీపీయూటీఎఫ్8 విస్తరణ అవసరం. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వరు దీన్ని 2015లో వచ్చిన 3.0 సంచిక నుంచి అందిస్తున్నది. సముదాయంలోని మూడు సర్వర్లలో ఒకటి పాత సంచికతో నడుస్తుంటే, ఆంగ్ల లిపి చిరునామాలన్నీ సజావుగా సాగుతాయి. తెలుగు లిపి చిరునామాలకు రాసిన ఉత్తరాలు మాత్రం అప్పుడప్పుడు తిరిగి వెళ్తాయి. విస్తరణల జాబితాను సరిచూడని పరీక్షకు ఈ తేడా ఎన్నటికీ కనిపించదు.

3.4 'మెయిల్ ఫ్రమ్' పరీక్ష: డిస్కు నిండిపోవడం మెయిల్ సర్వర్లకు తరచుగా వచ్చే జబ్బు. పోస్ట్‌ఫిక్స్ తన వరుసకు కేటాయించిన చోటులో, ఉత్తర పరిమాణ పరిమితికి కనీసం ఒకటిన్నర రెట్ల ఖాళీ ఉందో లేదో చూస్తుంది. మార్చకుండా వదిలేస్తే ఆ పరిమితి 1,02,40,000 బైట్లు. అందువల్ల ఖాళీ 1,53,60,000 బైట్లకు తగ్గితే సర్వరు 452 సంకేతంతో తాత్కాలికంగా నిరాకరిస్తుంది. అయితే ఈ నిరాకరణ 'మెయిల్ ఫ్రమ్' దశలో వస్తుంది. అంతకు ముందు పలకరింపులోనూ 'హెలో' సమాధానంలోనూ దాని జాడ ఉండదు. 'హెలో' దగ్గర ఆగిన పరీక్ష నిండిన డిస్కును ఆరోగ్యంగానే ప్రకటిస్తుంది.

3.5 'ఆర్‌సీపీటీ టు' పరీక్ష: అందుకునేవారి చిరునామా సరైనదో కాదో సర్వరు తేల్చేది ఇక్కడ. చిరునామాల పట్టిక ఉన్న డైరెక్టరీ అందుబాటులో లేకపోతే పోస్ట్‌ఫిక్స్ 451 సంకేతం ఇస్తుంది. పట్టిక అందుబాటులో ఉండి ఖాళీగా ఉంటే 550 సంకేతంతో శాశ్వతంగా తిరస్కరిస్తుంది. ఉపోద్ఘాతంలో చెప్పిన లోపం ఇదే. అంతేకాక, పోస్ట్‌ఫిక్స్ తన సహజ అమరికలో ముందు దశల తిరస్కరణలను కూడా 'ఆర్‌సీపీటీ టు' వచ్చేదాకా వాయిదా వేస్తుంది. అంటే అనుసంధానం కోరినవారి మీద నిషేధం ఉన్నా, 'హెలో'కు మాత్రం 250 అనే చెబుతుంది.

ఈ దశలో రెండు ప్రశ్నలు అడగడం ఉచితం. ఒకటి, పరీక్ష కోసమే ఏర్పరచిన నిజమైన చిరునామా. దానికి 250 రావాలి. రెండు, ఎన్నడూ లేని చిరునామా. దానికి 550 రావాలి. మొదటిది తిరస్కరణకు గురైతే పట్టిక పోయినట్టు. రెండవది అంగీకారం పొందితే సర్వరు ఎవరి పేరు చెప్పినా తీసుకుంటున్నట్టు. అటువంటి సర్వరు తరువాత చేర్చలేక, పంపినవారిగా కనిపించే చిరునామాలకు వైఫల్య సందేశాలు పంపుతుంది. చెత్త ఉత్తరాల్లో ఆ చిరునామాలు తరచుగా అబద్ధమైనవి కనుక, సంబంధం లేనివారికి ఆ సందేశాలు చేరతాయి. రెండు ప్రశ్నల తరువాత 'డేటా' దాకా వెళ్లకుండా 'క్విట్' ఆదేశంతో సంభాషణ ముగించవచ్చు. ఉత్తరమేదీ పుట్టదు. హెచ్‌ఏప్రాక్సీలోని టీసీపీ పరీక్షా సూత్రాలతో, ఒక్కొక్క వాక్యం పంపి ఒక్కొక్క సమాధానం కోసం ఆగే ఇటువంటి సంభాషణను రాయవచ్చు.

3.6 ఆమూలాగ్ర పరీక్ష: ఒక పరీక్షా ఉత్తరాన్ని నిజంగా పంపి, అది పెట్టెలో చేరిందో లేదో మరొక దారిలో చూడటం చివరి మెట్టు. దీని అవసరాన్ని తెలిపే లోపం ఒకటుంది. చాలా ఏర్పాట్లలో వైరస్, చెత్త వడపోత ఉత్తరాన్ని అంగీకరించిన తరువాత జరుగుతుంది. వడపోత ప్రోగ్రామ్ ఆగిపోతే, సర్వరు బయటివారికి 250 చెబుతూనే ఉత్తరాలను తన వరుసలో పేరుస్తూ పోతుంది. పోస్ట్‌ఫిక్స్ సహజ అమరికలో ఉత్తరం వరుసలో ఉండగలిగే గరిష్ఠ కాలం 5 రోజులు. ఆలస్యమవుతున్నదన్న హెచ్చరిక సహజ అమరికలో వెళ్లదు. అంటే ఎవరూ గమనించకపోతే, పంపినవారికి 5 రోజుల దాకా ఏ సంగతీ తెలియదు.

4. రెండు రకాల పొరపాట్లు, రెండు రకాల మూల్యాలు:

ఆరోగ్య పరీక్ష రెండు విధాలుగా పొరబడవచ్చు. బాగున్న సర్వరును పోయిందనుకోవడం ఒకటి, పోయిన సర్వరును బాగుందనుకోవడం మరొకటి. పేజీలు చూపించే వెబ్ సర్వర్ల విషయంలో ఈ రెండింటి నష్టం ఇంచుమించు సమానం, రెండు సందర్భాల్లోనూ చదివేవారికి పేజీ రాదు. బయటి నుంచి ఉత్తరాలు స్వీకరించే ఎస్ఎంటీపీ సర్వర్ల విషయంలో అలా కాదు.

బాగున్న సర్వరును తప్పించినా ఉత్తరాలు మిగతావాటికి వెళ్తాయి. అన్నింటినీ పొరపాటున తప్పించినా, పంపే సర్వర్లు దాన్ని తాత్కాలిక వైఫల్యంగానే తీసుకొని మళ్లీ ప్రయత్నిస్తాయి. నష్టం ఆలస్యమే. దీనికి భిన్నంగా, తప్పుగా 550 చెప్పే సర్వరును ఉంచితే ప్రతి ఉత్తరమూ శాశ్వతంగా తిరిగి వెళ్తుంది. అయినా పంపినవారికి ఆ సంగతి తెలుస్తుంది. 250 చెప్పి దాచిపెట్టే సర్వరును ఉంచితే, అంతకంటే పెద్ద నష్టం జరుగుతుంది. పంపినవారు చేరిందనుకుంటారు, అందుకోవలసినవారు పంపలేదనుకుంటారు.

ఈ వరుసలో నష్టం పెరిగేకొద్దీ లోపం పైపై పరీక్షకు కనిపించే అవకాశం తగ్గుతుంది. ఆగిపోయిన సర్వరును ఏ పరీక్ష అయినా పట్టుకుంటుంది. తాత్కాలికంగా నిరాకరించేదాన్ని 'మెయిల్ ఫ్రమ్' లేదా 'ఆర్‌సీపీటీ టు' పరీక్ష పట్టుకుంటుంది. మౌనంగా పోగుచేసేదాన్ని ఆమూలాగ్ర పరీక్ష తప్ప బయటి పరీక్ష ఏదీ పట్టుకోలేదు. స్వీకరించే సర్వర్ల విషయంలో అనుమానం వస్తే తప్పించడమే మేలన్న సూత్రం దీని నుంచి తేలుతుంది.

5. పరీక్షకు, నిజమైన ఉత్తరానికి మధ్య తేడా:

లోడ్ బ్యాలెన్సర్ సంస్థ లోపలి చిరునామా నుంచి పరీక్షిస్తుంది. ఆ చిరునామా సర్వరుకు నమ్మకమైన వలయంలో ఉంటే, బయటివారికి వర్తించే తనిఖీలు పరీక్షకు వర్తించవు. 2011లో పోస్ట్‌ఫిక్స్ 2.8తో వచ్చిన పోస్ట్‌స్క్రీన్ దీనికి మంచి ఉదాహరణ. యంత్రాలతో చెత్త ఉత్తరాలు పంపేవారు పలకరింపు పూర్తయ్యేదాకా ఆగరన్న పరిశీలన ఆధారంగా, అది సహజ అమరికలో 6 సెకన్లు ఆగి, తొందరపడి మాట్లాడినవారిని గుర్తిస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ నమ్మకమైన వలయంలో ఉంటే ఈ దారి అసలు పరీక్షకే రాదు. వలయంలో లేకపోతే, 2 సెకన్ల గడువుతో నడిచే పరీక్షకు బాగున్న సర్వరు కూడా పోయినట్టు కనిపించవచ్చు.

దీనికి సంబంధించిన మరొక ప్రమాదం మరింత తీవ్రమైనది. లోడ్ బ్యాలెన్సర్ మధ్యవర్తిగా కొత్త అనుసంధానం కలిపినప్పుడు, సర్వరుకు కనిపించే చిరునామా బ్యాలెన్సరుదే. పరీక్షలు సులువుగా సాగాలని ఆ చిరునామాను నమ్మకమైన వలయంలో చేర్చితే, ప్రపంచంలోని ప్రతి అపరిచితుడూ ఆ సర్వరుకు ఇంటివాడిగా కనిపిస్తాడు. అప్పుడు ఎవరైనా దాని ద్వారా ఎక్కడికైనా ఉత్తరాలు పంపవచ్చు. పంపేవారి చిరునామా మీద ఆధారపడిన ఎస్పీఎఫ్ తనిఖీ, నిషేధ జాబితాలు కూడా అర్థం కోల్పోతాయి.

అసలు చిరునామాను ముందుగా ఒక పరిచయ పంక్తిలో తెలిపే ప్రాక్సీ ప్రోటోకాల్ దీనికి పరిష్కారం. హెచ్‌ఏప్రాక్సీతో పుట్టిన ఈ పద్ధతిని పోస్ట్‌ఫిక్స్ 2013లో వచ్చిన 2.10 సంచిక నుంచి అర్థం చేసుకుంటుంది. దాన్ని అమర్చినప్పుడు పరీక్ష కూడా అదే పరిచయ పంక్తిని పంపాలి. పంపకపోతే సర్వరు పరిచయం కోసం, పరీక్ష పలకరింపు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. గడువు ముగిసి బాగున్న సర్వరు పోయినట్టు నమోదవుతుంది.

6. విరామం, గడువు, లెక్క:

హెచ్‌ఏప్రాక్సీ సహజ అమరికలో పరీక్షల మధ్య విరామం 2 సెకన్లు. వరుసగా 3 పరీక్షలు తప్పితే సర్వరును తప్పిస్తుంది, వరుసగా 2 నెగ్గితే తిరిగి చేర్చుకుంటుంది. లోపం వెంటనే కనిపించేదైతే సుమారు 6 సెకన్లలో నిర్ణయం జరుగుతుంది. పంపే సర్వర్లు అరగంటకోసారి ప్రయత్నించే సేవకు ఇంత తొందర అవసరం లేదు.

తొందరకు మూల్యం ఉంది. రోజుకు 86,400 సెకన్లు. 2 సెకన్లకొకటి చొప్పున ఒక బ్యాలెన్సర్ నుంచి ఒక సర్వరుకు 43,200 పరీక్షలు వస్తాయి. జంటగా నడిచే రెండు బ్యాలెన్సర్లు ఉంటే 86,400. పోస్ట్‌ఫిక్స్ ప్రతి అనుసంధానానికి వచ్చినట్టు ఒక పంక్తి, వెళ్లినట్టు ఒక పంక్తి లాగ్‌లో రాస్తుంది. అంటే రోజుకు కనీసం 1,72,800 పంక్తులు పరీక్షలవే. ఉత్తరం పోయిందని ఫిర్యాదు వచ్చినప్పుడు నిర్వాహకులు వెతకవలసినది ఈ గడ్డివాములోనే. 'ఆర్‌సీపీటీ టు' దాకా వెళ్లే పరీక్ష ప్రతిసారీ డైరెక్టరీని కూడా అడుగుతుంది కనుక దాని మీద కూడా భారం పడుతుంది.

ఉమ్మడి ఆధారాల సమస్య కూడా ఇక్కడే ఎదురవుతుంది. మూడు సర్వర్లూ ఒకే డైరెక్టరీ మీద ఆధారపడితే, ఆ డైరెక్టరీ ఒక్క నిమిషం తడబడితే మూడింటి పరీక్షలూ ఒకేసారి తప్పుతాయి. తప్పించడానికి వేరే మంచి సర్వరు లేదు. ఇటువంటప్పుడు కొన్ని లోడ్ బ్యాలెన్సర్లు పరీక్షా ఫలితాలను పక్కనపెట్టి అన్ని సర్వర్లకూ పంపుతాయి. ఎన్వాయ్‌లో ఆరోగ్యవంతమైన సర్వర్లు సహజ అమరిక ప్రకారం 50 శాతం కంటే తగ్గితే ఇలా జరుగుతుంది. వెబ్ సేవకు ఇది తెలివైన తెగింపు. ఉత్తరాలు స్వీకరించే సేవకు మాత్రం, సర్వర్లు 550 చెబుతున్న స్థితిలో తలుపులు మూసి ఉంచడమే క్షేమం. మూసిన తలుపు దగ్గర ఉత్తరం మళ్లీ వస్తుంది, తిరస్కరించిన ఉత్తరం తనంతట తాను రాదు.

7. ఐమ్యాప్, పాప్3, సమర్పణ సర్వర్లు:

పెట్టెలోని ఉత్తరాలను చదివే ఐమ్యాప్, పాప్3 సేవల్లోనూ, వాడుకరులు తమ ఉత్తరాలను అప్పగించే 587, 465 పోర్టుల్లోనూ అవతల ఉన్నది ఓపికగా వేచి ఉండే సర్వరు కాదు, మనిషి. అక్కడ వైఫల్యం వెంటనే కనిపిస్తుంది. అందువల్ల బాగున్న సర్వరును తప్పించడానికి ఇక్కడ మూల్యం ఎక్కువ.

పాప్3 సర్వరు '+ఓకే' అని, ఐమ్యాప్ సర్వరు '* ఓకే' అని పలకరిస్తాయి. అవి పలికినంత మాత్రాన పెట్టె తెరుచుకుంటుందని చెప్పలేం. ప్రామాణీకరణ, నిల్వ వెనుక ఉంటాయి. పరీక్షా ఖాతాతో లోపలికి ప్రవేశించి చూసే పరీక్ష ఆ రెండింటినీ తాకుతుంది. అయితే ఆ ఖాతా ఉన్న నిల్వను మాత్రమే తాకుతుంది, మరొక నిల్వ పాడైతే తెలియదు. ఆ ఖాతా సంకేతపదం గడువు ముగిసిన రోజున అన్ని సర్వర్లూ ఒకేసారి పోయినట్టు కనిపిస్తాయి. ఇంకొక వైపు, టీఎల్ఎస్ ధ్రువపత్రాన్ని సరిచూడకుండా జరిగే పరీక్షకు దాని గడువు ముగిసిన సంగతి తెలియదు. వాడుకరుల ప్రోగ్రాములు మాత్రం ఆ సర్వరును నిరాకరిస్తాయి.

ఐమ్యాప్ అనుసంధానాలు దీర్ఘకాలం ఉంటాయి. నిష్క్రియంగా ఉన్న, ప్రవేశం పొందిన అనుసంధానాన్ని కనీసం 30 నిమిషాలు ఉంచాలని నియమావళి చెబుతుంది. కొత్త ఉత్తరం కోసం కనిపెట్టుకొని ఉండే 'ఐడిల్' ఆదేశాన్ని 29 నిమిషాలకోసారైనా పునరుద్ధరించాలని ఆర్ఎఫ్‌సీ 2177 సూచిస్తుంది. కాబట్టి ఒక సర్వరును తప్పించడమంటే కొత్తవారిని పంపకపోవడమా, ఉన్నవారిని కూడా తెంచడమా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. అందరినీ ఒక్కసారిగా తెంచితే వారంతా మిగిలిన సర్వర్ల మీదికి ఒకే క్షణంలో వస్తారు. ఆ ఒత్తిడికి అవి పరీక్షా గడువులో సమాధానం ఇవ్వలేక, ఒకదాని తరువాత ఒకటి తప్పుకునే ప్రమాదం ఉంది.

8. సర్వరే తన స్థితిని చెప్పే పద్ధతి:

బయటి నుంచి అడిగే ప్రశ్నలకు పరిమితులున్నాయి కనుక, సర్వరే తనను తాను పరీక్షించుకొని ఫలితాన్ని చెప్పే పద్ధతులు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2013లో వచ్చిన మేనేజ్డ్ అవైలబిలిటీ ఇటువంటిది. వెబ్ ఆధారిత సేవల్లో ఒక్కొక్కదానికి ఒక ఆరోగ్య పుట ఉంటుంది. ఆ సేవ బాగుంటేనే ఆ పుట 200 సంకేతం ఇస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ ఆ పుటను అడిగితే చాలు. హెచ్‌ఏప్రాక్సీలోని ఏజెంట్ పరీక్ష కూడా ఈ తరహాదే. సర్వరు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్ 'పనిచేస్తున్నాను', 'కొత్తవారిని పంపవద్దు', 'భారం సగానికి తగ్గించు' వంటి అర్థమిచ్చే సమాధానాలు ఇస్తుంది. వరుసలో అతి పాత ఉత్తరం వయస్సు, డిస్కులో మిగిలిన చోటు, వడపోత ప్రోగ్రామ్ స్థితి ఈ ప్రోగ్రామ్‌కు తెలుస్తాయి. మౌనంగా పోగుచేసే సర్వరును పట్టుకోగల దారి ఇది.

అయితే రోగి మాట ఒక్కటే వైద్యునికి చాలదు. తాను బాగున్నానని సర్వరు చెప్పినా, మధ్యలోని నెట్‌వర్క్ తెగి ఉండవచ్చు. అందువల్ల పనిని విభజించడం మేలు. లోడ్ బ్యాలెన్సర్ 10-15 సెకన్లకోసారి 'ఆర్‌సీపీటీ టు' దాకా సంభాషించవచ్చు. ఏజెంట్ లోపలి స్థితిని తెలపవచ్చు. వేరొక పర్యవేక్షణ యంత్రం, నమ్మకమైన వలయానికి బయటి నుంచి, ఒక్కొక్క సర్వరుకు 5 నిమిషాలకోసారి నిజమైన ఉత్తరం పంపి చేరికను చూడవచ్చు. సర్వరుకు రోజుకు 288 ఉత్తరాలు భారం కావు. ఈ చివరి ఫలితం సర్వరును తనంతట తాను తప్పించకుండా, ముందు నిర్వాహకులకు తెలియజేయాలి. ఆలస్యానికి కారణం సర్వరు కాకపోవచ్చు కనుక అక్కడ మనిషి విచక్షణ అవసరం.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. మెయిల్ సర్వరు విషయంలో 'ఆరోగ్యం' ఒకే ప్రశ్న కాదు. పోర్టు, పలకరింపు, విస్తరణలు, నిల్వ చోటు, చిరునామాల పట్టిక, వడపోత, చేరిక అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి వచ్చిన సమాధానం తరువాతి ప్రశ్నకు హామీ కాదు.

2. 'హెలో' దగ్గర ఆగే పరీక్ష నిండిన డిస్కును, ఖాళీ అయిన పట్టికను, వాయిదా పడిన తిరస్కరణను గుర్తించలేదు. ఉన్న చిరునామా, లేని చిరునామా రెండింటినీ అడిగే 'ఆర్‌సీపీటీ టు' పరీక్ష ఉత్తరాన్ని పుట్టించకుండానే వీటిని బయటపెడుతుంది.

3. స్వీకరించే సర్వర్లలో ఆలస్యం సహించదగినది. తప్పు తిరస్కరణ, తప్పు అంగీకారం సహించరానివి. మనుషులు నేరుగా వాడే ఐమ్యాప్, సమర్పణ సేవల్లో ఈ తూకం మారుతుంది. కాబట్టి రెండింటికీ ఒకే పరీక్షా విధానం తగదు.

4. పరీక్ష సౌలభ్యం కోసం బ్యాలెన్సరు చిరునామాకు ఇచ్చే నమ్మకం సర్వరును అపరిచితులందరికీ తెరిచే ప్రమాదం ఉంది.

5. అంగీకరించిన తరువాత వచ్చే లోపాలు బయటి సంభాషణకు అందవు. వాటికి లోపలి నివేదిక, ఆమూలాగ్ర పరీక్ష రెండూ కావాలి.

పంపినవారు ఉత్తరాన్ని అప్పగించి తమ పనికి వెళ్లిపోతారు. అటువైపు ఎన్ని సర్వర్లున్నాయో, వాటిలో ఏది తమ ఉత్తరాన్ని అందుకున్నదో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వారి తరఫున సర్వరును ఎంచే బాధ్యత తీసుకున్న యంత్రం, ఆ సర్వరు పలుకుతున్నదా అని మాత్రమే కాక, ఇచ్చిన మాట నిలుపుకోగలదా అని కూడా అడగాలి.